అమ్మీ ఆవాజ్ ఏ ఫోన్‌లో ఉంది?

“మామూ, రీసెట్ కొట్టేయనా?” అని మా భాంజా అడిగాడు.

వాడి బొటనవేలు నా పాత ఫోన్ తెర మీద ఉంది. అంతా చెరిగిపోతుంది, ఖాయమేనా అని ఫోన్ కూడా అడుగుతోంది. నేను దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, ఎడమ చేత్తో కొత్త ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాను. “హౌ, కొట్టెయ్ బేటా” అందామంటే నోట్లో ముద్ద ఉంది. ఆ ముద్ద మింగేలోపు వంటింట్లోంచి మా ఆపా గొంతు వినబడింది: “అరే ఛోటే, అమ్మీ మాటలు అందులోనే ఉన్నాయి కదా?”

వాడు వేలు తీసేశాడు. నాకు ముద్ద దిగలేదు.

మొదట్నించీ చెప్తాను. మా భాయ్‌జాన్ జిద్దాలో ఉంటారు. ఛుట్టీకి వచ్చినప్పుడల్లా ఖర్జూరాలు, అత్తరు, జానిమాజ్‌లు తెస్తారు. ఈసారి వాటితోపాటు నాకొక ఐఫోన్ తెచ్చారు. “పేపర్‌లో పనిచేస్తావ్, పగిలిన తెరతో తిరుగుతావ్, ఇజ్జత్ కా సవాల్ హై రే” అన్నారు. నా పాతది ఆండ్రాయిడ్. 2018 చివర్లో కొన్నాను, ఏడేళ్లు వాడాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. బ్యాటరీ జొహర్ దాకా వస్తే అసర్ దాకా వచ్చేది కాదు. అయినా రెండు జబాన్‌లలో వార్తలు, ఇంటి సంగతులు అన్నీ దాంట్లోనే నడిచిపోయాయి.

మన దేశంలో నూటికి తొంభైకి పైగా ఫోన్లు ఆండ్రాయిడ్‌వే. కంపెనీ ఏదైనా లోపల సిస్టమ్ అదే. అందుకని ఫోన్ మార్చడం అంటే మనకి పెద్ద భయం ఉండదు. గూగుల్ ఖాతా వేస్తాం, నంబర్లు దిగుతాయి, ఫోటోలు దిగుతాయి, వాట్సాప్ “పాత మాటలు కావాలా” అని అడుగుతుంది, కావాలంటే ఇస్తుంది. ఒకే ఇంట్లో గది మారినట్టు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వెళ్లడం గది మారడం కాదని, ఏకంగా ఊరు మారడమని నాకు తెలియదు. మా భాంజాకీ తెలియదు. వాడు డిగ్రీ మొదటి సంవత్సరం, ఫోన్ల విషయంలో మా ఖాందాన్‌కి వాడే ముఫ్తీ. నా పాత ఫోన్ వాడికి ఇస్తానని ఒప్పందం. కొత్త ఫోన్ తెరిచి, అడిగినవాటికల్లా “తర్వాత, తర్వాత” అని కొట్టుకుంటూ పోయి, వాట్సాప్ దించి, నా నంబర్ వేసి, ఓటీపీ వేసి, పది నిమిషాల్లో “సెట్ అయిపోయింది మామూ” అన్నాడు. సెట్ అయింది నిజమే. లోపల ఒక్క పాత మాట కూడా లేదు. మెసేజ్‌లు మెల్లగా వాటంతట అవే దిగుతాయిలే అనుకున్నాం ఇద్దరం.

దిగవు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ తన నకలును గూగుల్ డ్రైవ్‌లో దాస్తుంది. ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లో దాస్తుంది. గూగుల్ డ్రైవ్‌లో దాచినదాన్ని ఐఫోన్ చదవదు, ఐక్లౌడ్‌లో దాచినదాన్ని ఆండ్రాయిడ్ చదవదు. ఒకే కంపెనీ వాట్సాప్, ఒకే నంబర్, ఒకే మనిషి, అయినా సరే. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి పాత మాటలు పట్టుకుపోయే అధికారిక దారి 2022 జూన్‌లో మొదలైంది. అప్పటిదాకా అటు వెళ్లినవాళ్లలో చాలామంది పాత మాటలు వదిలేసి వెళ్లినవాళ్లే. ఆ దారికి కూడా ఒక షర్తు ఉంది: ఐఫోన్ డబ్బాలోంచి తీసినంత కోరాగా ఉండాలి. ఒకసారి సెట్ చేసేసుకుంటే దాన్ని పూర్తిగా తుడిచి మళ్లీ మొదలెట్టాల్సిందే.

అంటే ఆ రోజు దస్తర్‌ఖాన్ దగ్గర మా పరిస్థితి ఇది: కొత్త ఫోన్‌లో అమ్మీ లేదు. పాత ఫోన్‌లో ఉంది. పాత ఫోన్ తుడిచిపెట్టడానికి వేలు సిద్ధంగా ఉంది.

అమ్మీ ఇంతెఖాల్ అయింది 2021లో. ఆమె ఎప్పుడూ నాకు ఒక్క అక్షరం టైప్ చేసి పంపలేదు. చదువు రాక కాదు. కర్నూల్లో ఏడో జమాత్ దాకా చదివింది, ఆమె ఖత్ చూస్తే కాతిబ్ రాసినట్టు ఉండేది. నేను ఉర్దూ మీడియం బడి దాటి, తెలుగులో డిగ్రీ చేయడానికి హాస్టల్‌కి వెళ్లినప్పుడు అబ్బా, అమ్మీ ఇద్దరూ ఇన్‌లాండ్ లెటర్లు రాసేవారు. లోపల అంతా ఉర్దూ. పైన చిరునామా మాత్రం పోస్ట్‌మ్యాన్ కోసం అబ్బా తెలుగులో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసేవారు. మరి ఫోన్‌లో ఎందుకు రాయలేదంటే, భాయ్‌జాన్ పంపిన ఫోన్‌లో నేను ఉర్దూ కీబోర్డు పెట్టి చూపించిన రోజు అమ్మీ కళ్లద్దాలు సర్దుకుని చూసి ఒకే మాట అంది: “యే అరబీ హై. ఉర్దూ కహాఁ హై?”

అమ్మీ అన్నది కరెక్టే. మేము పలకల మీద దిద్దింది నస్తాలీఖ్. అందులో మాట కుడివైపు పైన మొదలై ఎడమవైపుకి ఏటవాలుగా జారుతుంది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలతాయి, చుక్కలు సందు చూసుకుని కూర్చుంటాయి. ఫోన్లలో చాలాకాలం మనకి కనబడింది నస్ఖ్, అంటే అరబీ పుస్తకాల్లో ఉండే చదునైన రాత. అక్షరాలు అవే, కష్టపడితే చదవొచ్చు కూడా. కానీ చిన్నప్పటినుంచీ నస్తాలీఖ్ చదివిన కంటికి అది పరాయి మొహం. మెషీన్‌కి నస్తాలీఖ్ నేర్పడం చాలా కష్టం, ఎందుకంటే పక్క అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం రూపమూ, ఎత్తూ మారిపోతాయి. అందుకే తెలుగు పేపర్లు సీసపు అక్షరాలతో అచ్చవుతున్న కాలంలో కూడా ఉర్దూ పేపర్లని కాతిబ్‌లు రోజూ చేత్తోనే రాసేవారు. 1981లో లాహోర్‌లో ‘జంగ్’ పేపర్ మొదటిసారి కంప్యూటర్ నస్తాలీఖ్‌తో వచ్చింది. మీర్జా అహ్మద్ జమీల్ వేలకు వేలు జంట అక్షరాల రూపాలు గీయించి తయారుచేసిన నూరీ నస్తాలీఖ్ అది. ఫోన్ దాకా రావడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. గూగుల్ తన నస్తాలీఖ్ ఫాంటు 2014లో ఇచ్చింది. ఐఫోన్‌లో అది 2017లో, ఐఓఎస్ 11తో వచ్చింది. నా పాత ఫోన్లో, అమ్మీ ఫోన్లో ఆఖరిదాకా నస్ఖే.

రాయడం నచ్చక అమ్మీ మాట్లాడింది. మైకు బొమ్మ నొక్కిపట్టుకుని మాట్లాడ్డం ఒక్కరోజులో నేర్చుకుంది. “ఖాయా క్యా రే? ఇత్తీ రాత్ కో కైకు జాగ్తా? ఆఫీస్ కూ ఆగ్ లగో.” నస్తాలీఖ్ ఉండి ఉంటే అమ్మీ ముచ్చటగా రాసేదేమో, నా దగ్గర ఇవాళ రాతలు ఉండేవేమో. ఒక కంపెనీ ఫాంటు పెట్టకపోవడం వల్ల నా దగ్గర ఆమె ఆవాజ్ ఉంది. ఈ లెక్క లాభమా నష్టమా అని నేను చాలాసార్లు అనుకున్నాను, తేల్చుకోలేకపోయాను.

ఇంకో సంగతి ఉంది. చెప్పుకోవడానికి సిగ్గే, అయినా చెప్తాను. అమ్మీ పోయాక ఆమె ఫోన్ ఏమైందో తెలుసా? నలభై రోజులు గడిచాక, మా ఇంట్లో పనిచేసే ఆమె కొడుక్కి ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇచ్చేశాం. ఇవ్వడం మంచిదే, సవాబ్ పనే. కానీ ఇచ్చే ముందు తుడిచింది నేను. “పర్సనల్ డేటా ఎందుకు” అని జాగ్రత్తపరుడిలా నేనే రీసెట్ కొట్టాను. అందులో అమ్మీ నంద్యాలలో ఉండే మా ఖాలాతో రోజూ గంటలు గంటలు పంచుకున్న మాటలు ఉన్నాయి. ఎవరింట్లో మంగ్నీ, ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయి, కోడళ్ల మీద గీబత్ కూడా ఉండే ఉంటుంది, అల్లాహ్ మాఫ్ కరే. ముగ్గురు పిల్లలం. ఒకరు ఇంజనీరు, ఒకరు టీచరు, ఒకరు జర్నలిస్టు. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. అమ్మీ సందూక్‌లో ఉన్న పాత దుపట్టాలు మాత్రం కలరా ఉండలు వేసి భద్రంగా దాచాం.

ఆ రాత్రి ఏం చేశామో కూడా చెప్పాలి. మీకు పనికొస్తుంది. ముందు పాత ఫోన్‌లో మళ్లీ నా నంబర్ వేసి, ఓటీపీ వేసి వాట్సాప్‌ని అక్కడికే తిరిగి తెచ్చాం. మాటలన్నీ ఉన్నాయి, కదలలేదు. తర్వాత కొత్త ఫోన్‌ని పూర్తిగా తుడిచాం. ఆ మధ్య గంటలో దానికి వచ్చిన మెసేజ్‌లు పోయాయి. అందులో మా ఎడిటర్‌ది ఒకటి ఉందని మర్నాడు ఆయన గొంతు విన్నాక అర్థమైంది. పాత ఫోన్‌లో ‘మూవ్ టు ఐఓఎస్’ అనే యాప్ దించాం. రెండు ఫోన్లూ ఒకే వైఫైలో, రెండూ చార్జింగ్‌లో పెట్టాం. ఇది సలహా కాదు, షర్తు. ఆ యాప్ జాబితాలో వాట్సాప్ ఎంచుకుని, కొత్త ఫోన్ చూపించిన అంకెలు కొట్టి, పక్కన పెట్టేసి కూర్చున్నాం. మధ్యలో పాత ఫోన్ తెర ఆరిపోకూడదని మా భాంజా పహారా కాశాడు. ఫజర్ అజాన్ వేళకి అయిపోయింది. కొత్త ఫోన్‌లో అదే నంబర్‌తో వాట్సాప్ తెరిస్తే అమ్మీ పేరు వచ్చింది, కింద వరసగా ఆమె ఆవాజ్‌లు. ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశామన్న కాల్ లెక్కలు మాత్రం రాలేదు. అవి ఈ దారిలో రావు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే ఆపా ఊరుకోలేదు. “అబ్బాది ఉందా చూడు” అంది.

మా అబ్బా 2019లో పోయారు. ఆయన ఫోన్ ముట్టేవారు కాదు. ఫోటోలు ఉన్నాయి, వీడియో ఒక్కటీ లేదు. అబ్బా గొంతు లోకంలో ఒకే ఒక్క చోట ఉంది. అమ్మీ నన్ను తిడుతూ పంపిన ఒక వాయిస్ మెసేజ్‌లో వెనకనుంచి అబ్బా “కౌన్ హై? ఛోటా క్యా?” అంటారు. అమ్మీ “హౌ, ఛోటాచ్ హై” అని చెప్పి మళ్లీ తిట్లలోకి వస్తుంది. అది నేను 2019లో విన్నాను, ఆపాకి వినిపించాను కూడా. ఇప్పుడు వెతికితే చాట్‌లో లేదు. ఒకసారి ఫోన్ నిండిపోయిందని పాత చాట్లు ఖాళీ చేశాను. అప్పుడు పోయింది.

చాట్‌లో లేకపోయినా ఫైలు ఉండొచ్చని మా డెస్కులో ఒక తమ్ముడు చెప్పాడు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లన్నీ ఒక ఫోల్డర్‌లో, వారానికొక డబ్బా చొప్పున పడి ఉంటాయి. చాట్ ఖాళీ చేసేటప్పుడు ఫైళ్లు కూడా తీసేయమని చెప్పకపోతే అవి అక్కడే మిగిలిపోతాయి. చిక్కేమిటంటే ఫైలుకి మనిషి పేరు ఉండదు, తారీఖు, ఒక నంబరు మాత్రమే ఉంటాయి. ఎవరిదో తెలియాలంటే వినాల్సిందే. 2019 జనవరి నుంచి మొదలుపెట్టి ఆపా, నేను రెండు సాయంత్రాలు కూర్చున్నాం. జిల్లా రిపోర్టర్లు, ప్లంబరు, ప్రెస్ మీట్ పదకొండుకని చెప్పే నాయకుల పీఏలు, మా అమ్మాయి స్కూల్ ఆటో డ్రైవరు, మళ్లీ రిపోర్టర్లు. ఒక జర్నలిస్టు జిందగీ ఇంత విసుగ్గా ఉంటుందని ఆపాకి అప్పుడే తెలిసింది. రెండో రోజు మగ్రిబ్ దాటాక, మార్చి నెల ఫైళ్లలో ప్రెషర్ కుక్కర్ విజిల్‌తో మొదలైన ఒక ఫైలు వచ్చింది. నలభై ఒక్క సెకన్లు. ముప్పై మూడో సెకన్‌లో అబ్బా ఉన్నారు.

ఆ ఫైలు ఐఫోన్‌కి వెళ్లిన సామాన్లలో లేదు. అదే మీరు గమనించాల్సిన విషయం. “అంతా వచ్చేసింది” అని కొత్త ఫోన్ పచ్చ టిక్కు పెట్టింది. మనం నమ్మి పాతది తుడిచేస్తాం. వచ్చింది చాట్‌లో కనబడేది మాత్రమే. రానిదాని జాబితా మనకి ఎవరూ ఇవ్వరు.

ఇప్పుడు నా గిలా చెప్తాను. ఆపిల్ వాళ్లు ఆండ్రాయిడ్ వాళ్ల కోసం చేసిన ‘మూవ్ టు ఐఓఎస్’ 2015లోనే వచ్చింది. గూగుల్ వాళ్లు ఐఫోన్ వాళ్ల కోసం ‘స్విచ్ టు ఆండ్రాయిడ్’ అని 2022లో ఒకటి ఇచ్చారు. పేర్లు చూడండి. రెండూ “మా ఇంటికి రండి” అనే దావత్‌లే. “మా ఇంట్లోంచి హాయిగా వెళ్లండి, మీ సామాను ఇదిగో” అని సాగనంపే యాప్ అప్పటికి ఎవరూ పెట్టలేదు. ఎందుకు పెట్టాలి అంటారా? వ్యాపారం వాళ్లది కావచ్చు, సామాను మాత్రం మనది కాబట్టి.

ఫోన్ నంబర్ విషయంలో ఇదే దేశం ఒకప్పుడు మంచి పని చేసింది. కంపెనీ మారితే నంబర్ పోయే రోజులు గుర్తున్నాయా? నంబర్ పోతుందని భయపడి సిగ్నల్ లేకపోయినా ఆ కంపెనీనే పట్టుకుని వేలాడేవాళ్లం. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబర్ మనతోనే వచ్చే హక్కు ఇచ్చారు. కంపెనీలు మునిగిపోలేదు. మనిషి మాత్రం కాస్త ఆజాద్ అయ్యాడు. మరి నంబర్‌కి ఉన్న హక్కు ఆ నంబర్ మీద మాట్లాడిన మాటలకి ఎందుకు లేదు? ఐరోపాలో 2018 మేలో అమల్లోకి వచ్చిన డేటా చట్టంలో, నా సమాచారాన్ని వేరే చోట పనికొచ్చే రూపంలో నాకు తిరిగి ఇవ్వమని అడిగే హక్కు ఉంది. మన దగ్గరా ఆ మాట వచ్చింది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో ఉంది, 2019లో పార్లమెంటులో పెట్టిన బిల్లులోనూ ఉంది. ఆ బిల్లును వెనక్కి తీసుకుని 2023లో చేసిన చట్టంలో మాత్రం లేదు. ఎక్కడో దారిలో జారిపోయింది. దీని మీద మన పేపర్లలో, నా పేపర్‌తో సహా, ఎన్ని అంగుళాల వార్త వచ్చిందో నాకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వాట్సాప్ మాటలు కంపెనీ సర్వర్‌లో ఉండవు, మన ఫోన్‌లోనే ఉంటాయి, వాటికి తాళం కూడా మన మంచికే వేశారు, ఇందులో హక్కు గొడవ ఏమిటని నాకు తెలిసిన ఒక సాఫ్ట్‌వేర్ మిత్రుడు వాదించాడు. తాళం ఉండాలి, కాదనను. దొంగల జమానా. కానీ సందూక్ నాది, అందులో సామాను నాది అని ఒప్పుకున్నాక చాబీ రెండు చోట్ల పనిచేయదంటే, ఒక్కసారే, ఇల్లు కోరాగా ఉన్నప్పుడే పనిచేస్తుందంటే, దాన్ని భద్రత అనలేను. ఆ షర్తు తెలియకపోవడం వల్లే మా భాంజాలాంటి తెలివైన పిల్లాడు పది నిమిషాల్లో అమ్మీని ఇవతలే వదిలేశాడు. చదువురాని ఖాలాలు, నానీలు ఏం చేస్తారు?

మన ఇళ్లలో ఈ మార్పులు ఎక్కువగా గల్ఫ్ నుంచి వస్తాయి. అక్కడ ఎవరో కొత్తది కొంటారు, పాతది ఇక్కడికి వస్తుంది. ఇక్కడి పాతది ఇంకొకరికి వెళుతుంది. ఒక్క ఐఫోన్ ఇంట్లోకి వస్తే వెనక మూడు ఫోన్లు చేతులు మారతాయి, మూడు రీసెట్లు జరుగుతాయి. ఇప్పుడు మంగ్నీల్లో దూల్హాకి ఐఫోన్ అడగడం కూడా మొదలైంది. “అడగలేదు, వాళ్లే ఇచ్చారు” అంటారు. జహేజ్ ఎప్పుడూ వాళ్లే ఇస్తారు లెండి. ఆ పిల్ల తండ్రి వాయిదాల మీద కొనిచ్చిన ఫోన్ ఈ అబ్బాయి చేతికి వచ్చిన పూటే అతని పాత ఫోన్ తమ్ముడి చేతికి వెళుతుంది. అందులో ఏముందో చూసుకునే ఓపిక ఆ పెళ్లి సందడిలో ఎవరికి ఉంటుంది? ఇజ్జత్ అంటే జేబులోంచి తొంగిచూసే మూడు కెమెరాలని మన పిల్లలకి ఎవరు నేర్పారో మనమే ఆలోచించుకోవాలి. భాయ్‌జాన్ ఇది చదువుతారని తెలుసు. మీ తోహ్‌ఫా నాకు నచ్చింది భాయ్‌జాన్, కోపం వద్దు.

గల్ఫ్ గురించే ఇంకో మాట. అక్కడ ఇంతెఖాల్ అయినవాళ్ల సామాను ఇంటికి రావడం నా ఉద్యోగంలో చూశాను. బ్యాగులో పాస్‌పోర్టు, రెండు జతల బట్టలు, తాళం పడ్డ ఫోన్. వేలిముద్ర ఆయనది, పిన్ ఆయనకే తెలుసు. చివరి నెలల మాటలు, పిల్లలకి తీసిన వీడియోలు అన్నీ అందులోనే ఉన్నాయని భార్యకి తెలుసు, తెరవలేదు. దీనికి మాత్రం దారులున్నాయి. నేను పోయాక నా ఖాతా ఎవరికి చెందాలో ముందే చెప్పే వీలు గూగుల్ 2013లో పెట్టింది, ఆపిల్ 2021 చివర్లో పెట్టింది. మన 2023 చట్టంలో కూడా, మనిషి పోయాక అతని డేటా హక్కులు వాడుకోవడానికి ఒకరిని నామినేట్ చేసే ఏర్పాటు ఉంది. బ్యాంకు ఖాతాకి, బీమాకి నామినీ పేరు రాసే మనం దీనికి రాయం. అప్పు పుస్తకంలో ఎవరికెంత ఇవ్వాలో రాసిపెట్టుకోవడం మన పెద్దల పద్ధతి. ఆ పుస్తకంలోనే ఫోన్ పిన్ కూడా ఒక మూల రాయండి. ఇంటామెకి ఆ పుస్తకం ఎక్కడుందో చెప్పండి.

కొత్త ఫోన్ గురించి మంచి కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే నాఇన్సాఫీ అవుతుంది. భాషల జాబితాలో తెలుగుతోపాటు ఉర్దూ చేర్చాక, మా ఆపా పంపిన ఒక ఉర్దూ మెసేజ్ తెరిచాను. నస్తాలీఖ్‌లో వచ్చింది. మాట ఏటవాలుగా జారుతూ, చుక్కలు సందు చూసుకుని కూర్చుని. కాసేపు అలాగే చూస్తూ ఉన్నాను. ఉర్దూకి అంత మర్యాద చేసిన ఇదే ఐఫోన్ 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒక్కటి వస్తే కుప్పకూలిపోయేదని మీకు గుర్తుందా? ‘జ్ఞా’. ఆ అక్షరాన్ని ఒక తీరులో కూర్చి పంపితే మెసేజ్ యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరుచుకునేది కాదు. ఆ వార్త మా డెస్కులో నేనే రాశాను. ఇల్మ్‌కి తెలుగులో మొదటి అక్షరం అదే, ఆ బరువు మోయలేకపోయింది పాపం అని నవ్వుకున్నాం. అదే నెల 19న 11.2.6 అనే చిన్న అప్‌డేట్‌తో సరిచేశారు. అంత త్వరగా ఎందుకు సరిచేశారంటే అది లోకమంతా ఐఫోన్లని కూల్చుతోంది కాబట్టి. నస్తాలీఖ్ లేకపోవడం ఎవరి ఫోన్‌నీ కూల్చలేదు. అమ్మీలాంటి వాళ్లు చప్పుడు లేకుండా రాయడం మానేశారు, అంతే. అందుకే అది రావడానికి అన్నేళ్లు పట్టింది.

మా చిన్నమ్మాయి కొత్త ఫోన్ తీసుకుని, ఆ ఉర్దూ చూసి, “అబ్బా, ఇది డిజైనా?” అని అడిగింది. తను ఉర్దూ మాట్లాడుతుంది, రాసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో. దాదీ రాసిన ఖత్ ఇచ్చినా చదవలేదు. దాదీ ఆవాజ్ ఇస్తే మాత్రం మొత్తం అర్థమవుతుంది, ఆ తిట్లతో సహా. అబ్బా ఉన్న ఆ నలభై ఒక్క సెకన్ల ఫైలుని ఎక్కడైనా వినబడేలా ఎంపీ3గా మార్చి, మూడు చోట్ల దాచాను: నా కంప్యూటర్‌లో, ఆపా దగ్గర ఒక పెన్‌డ్రైవ్‌లో, జిద్దాలో భాయ్‌జాన్ దగ్గర. అమ్మీవి మిగతావన్నీ అలాగే చేస్తున్నాను. ఫైలు పేరులో తారీఖు పక్కన ఆమె పేరు ఉర్దూలో, తెలుగులో రెండింట్లోనూ రాస్తున్నాను. ఇప్పటికి నూట పన్నెండు అయ్యాయి.

పాత ఫోన్ అల్మారీలో ఉంది. భాంజాకి వేరేది కొనిచ్చాను, ఆండ్రాయిడే. వాడు అదే చాలు మామూ అన్నాడు.

నంద్యాల ఖాలాకి ఫోన్ చేసి అడిగాను. ఆమెది 2019లో కొన్న ఫోన్, ఇంకా అదే వాడుతోంది. అమ్మీ పంపినవి ఉన్నాయా ఖాలా అంటే, “ఏక్ భీ నై నికాలీ బేటా, రోజ్ సున్తియూఁ” అంది. ఒక్కటీ తీసెయ్యలేదట, రోజూ వింటుందట. ఆమె కొడుకు కూడా వచ్చే నెల ఆమెకి కొత్త ఫోన్ కొనిస్తానంటున్నాడట. జుమా నమాజ్ కాగానే ఆపా, నేను, భాంజా బయల్దేరుతున్నాం. పెన్‌డ్రైవ్, కేబుల్ సర్దాను. ఖాలా కొడుక్కి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా ఏదీ నొక్కొద్దని చెప్పాను.